ద్వారానికొక మార్గపట్టిక



జీవితమంతా వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడికి ఫైర్‌వాల్‌తో పనేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నా దృష్టిలో ఈ రెండింటికీ మూలప్రశ్న ఒక్కటే: ఏ సూత్రం ఎక్కడ ప్రవర్తించాలి, ఎక్కడ ప్రవర్తించకూడదు?

నా వాదం ముందే చెబుతాను. పలు ఇంటర్‌ఫేస్‌లున్న ఫైర్‌వాల్‌లో అన్నిటికీ కలిపి ఒకే రౌటింగ్ టేబుల్ ఉంచడం అనుచితం. ఇకపై ఇంటర్‌ఫేస్‌ను ద్వారమనీ, రౌటింగ్ టేబుల్‌ను మార్గపట్టిక అనీ వ్రాస్తాను.

మార్గపట్టిక పనిచేసే తీరు వ్యాకరణం చదివినవారికి పరిచితమే. ఒక గమ్యానికి పట్టికలో రెండు దారులు సరిపోతే, ఎక్కువ నిర్దిష్టమైనదే గెలుస్తుంది. విశేషవిధి సామాన్యవిధిని బాధిస్తుందని మనం చెప్పుకునేది ఇదే. ఏ విశేషమూ వర్తించనిచోట మిగిలే సామాన్యవిధి పేరు డిఫాల్టు రూటు. చిక్కేమిటంటే, ఈ పట్టిక గమ్యాన్ని మాత్రమే చూస్తుంది. ప్యాకెట్ ఏ ద్వారాన వచ్చిందో దానికి పట్టదు.

భాషలో అలా జరిగితే ఏమవుతుందో చూడండి. భాను, ఉదయం కలిస్తే భానూదయం. వాడు, ఉన్నాడు కలిస్తే వాడున్నాడు. రెండుచోట్లా ఉకారానికి ఉకారమే పరమైంది. అయినా ఒకచోట దీర్ఘం, ఒకచోట లోపం. సంస్కృతపదాలకు సవర్ణదీర్ఘసంధి, తెలుగుపదాలకు ఉత్వసంధి అని మన వ్యాకర్తలు వేర్వేరు ప్రకరణాలు పెట్టారు కనుకనే ‘వాడూన్నాడు’ అనే దుస్థితి మనకు పట్టలేదు. అక్షరాలు ఒకటే కావచ్చు, పుట్టినచోటును బట్టి సూత్రం మారుతుంది.

ఒక పాఠశాలను ఊహించుకోండి. ఒకే ఫైర్‌వాల్‌కు కార్యాలయం, పిల్లల కంప్యూటర్ గది, నిఘా కెమెరాలు, రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు. కార్యాలయంలో మార్కులు, చిరునామాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉంటాయి. పట్టిక ఒక్కటే అయితే కంప్యూటర్ గది నుండి కార్యాలయానికి దారి దానంతటదే ఏర్పడుతుంది, రెండూ ఫైర్‌వాల్‌కు నేరుగా తగిలి ఉన్నాయి గనుక. మధ్యన అడ్డు ఫిల్టరు నియమాలు మాత్రమే. సెలవు రోజున ఎవరో తొందరలో ఒక నియమాన్ని చెరిపితే ఆ అడ్డు తొలగిపోతుంది. పట్టికలు వేరైతే, నియమం చెరిగినా దారి ఉండదు. ‘వెళ్ళవద్దు’ అనడం వేరు, ‘దారే లేదు’ అనడం వేరు. పసిపిల్లల వివరాలకు నేను రెండవదే కోరుతాను.

ఇక చిరునామాల సంగతి. సొంత నెట్‌వర్కులకు 1994లో కేటాయించిన మూడు శ్రేణులనే లోకమంతా వాడుకుంటోంది. కెమెరాలు బిగించినవారు 192.168.1.0 శ్రేణినే ఇస్తారు, కార్యాలయంలోనూ అదే ఉంటుంది. ఒకే పట్టికలో ఇవి కొట్టుకుంటాయి. రెండు పట్టికలలో ఎవరి ఇంట వారు సుఖంగా ఉంటారు.

రెండు ఇంటర్నెట్ కనెక్షన్లున్నచోట మరొక ఇక్కట్టు. రెండవ కనెక్షన్ గుండా వచ్చిన ప్రశ్నకు జవాబు, డిఫాల్టు రూటును అనుసరించి మొదటి దాని గుండా వెళుతుంది. తనది కాని మూలచిరునామాను చూసి ఆ సంస్థ దానిని పారవేయవచ్చు. వచ్చిన ద్వారానే జవాబు పోయేలా చేయడానికి ద్వారానికొక పట్టిక మంచి ఉపాయం.

“ఫిల్టరు నియమాలు జాగ్రత్తగా వ్రాస్తే చాలదా మాస్టారూ? పట్టికలు పెరిగితే తికమకే గదా!” అని నా పూర్వవిద్యార్థులైన ఇంజనీర్లు అంటారు. తికమక నిజమే. సమయం సరిచూసే సేవ, లాగులు పంపే సేవ, పేర్లు వెదికే సేవ ఏ పట్టికలో నడవాలో ప్రతిదానికీ చెప్పాలి. పింగ్ కొట్టేటప్పుడు కూడా ఏ పట్టికలోనో గుర్తుంచుకోవాలి. ఒకే కనెక్షన్, ఒకే గది ఉన్న ఇంటికి ఈ శ్రమ అక్కరలేదని నేనూ ఒప్పుకుంటాను. కాని జాగ్రత్త అనేది మనిషి గుణం, అది అలసిపోతుంది. విభాగం అనేది నిర్మాణ గుణం, దానికి అలసట లేదు.

వేరు చేయడంలోనూ తరతమాలున్నాయి. లినక్సులో పలు పట్టికలు, వాటిని ఎంచే నియమాలు 1999 నాటి 2.2 కెర్నెల్ నుండే ఉన్నాయి. అయితే ఆ పద్ధతిలో యంత్రపు సొంత చిరునామాల పట్టిక ఉమ్మడిగానే మిగులుతుంది. ఫైర్‌వాల్‌కున్న కార్యాలయంవైపు చిరునామాను కంప్యూటర్ గది నుండి తట్టినా, ఫిల్టరు ఆపకపోతే, అది పలుకుతుంది. 2015లో 4.3 కెర్నెల్‌తో వచ్చిన వీఆర్‌ఎఫ్‌లో ద్వారపు చిరునామాలు కూడా దాని సొంత పట్టికలోకి చేరతాయి. అక్కడా రెండు మెలకువలు. వీఆర్‌ఎఫ్ పట్టిక చివర ‘చేరరానిది’ అనే డిఫాల్టు రూటు పెట్టకపోతే, వెదుకులాట జారి ప్రధాన పట్టికలో పడుతుంది. వేరుచేసిన ఫలం పోతుంది. ఒకే చిరునామాలు రెండువైపులా ఉంటే, కనెక్షన్లను గుర్తుంచుకునే పట్టికను కూడా జోన్లుగా విడదీయాలి. ఓపెన్‌బీఎస్‌డీలోని రౌటింగ్ డొమైన్ల పద్ధతి నాకు మరింత నచ్చింది. ఒక ద్వారం ఒక్క డొమైన్‌కే చెందుతుంది, ఒకదాని నుండి మరొకదానికి దాటించాలంటే ఫిల్టరులో స్పష్టంగా వ్రాయాలి. అనుమతి వ్రాస్తేనే దారి ఏర్పడుతుంది.

వ్రాయనిదానికి దారి లేకపోవడమే మంచి శాస్త్రానికి లక్షణమని నా అభిప్రాయం. మీలో ఈ వృత్తిలో ఉన్నవారు ఎందరో ఉన్నారు. చిన్న పాఠశాలలు, ఆసుపత్రులు ఈ మాత్రం శ్రమ పడవచ్చునా, పడరాదా? మీ అనుభవం చెప్పండి, తర్కిద్దాం.