పిల్లల కుంగుబాటుకు సాంచా మందు కాదు



మన సోలాపూర్ తూర్పు భాగంలో ఏ పేటకు పోయినా ఈ మాట వినబడుతుంది: "పోరడు బడికి పోతలేడు, అన్నం సరిగ తింటలేడు, ఊకె కోపం చేస్తున్నడు. బద్ధకం పట్టింది. రెండు నెలలు కార్ఖానాలో కండెలు చుట్టిస్తే దారికొస్తడు." ఈ మాట సేఠ్ అంటే ఆశ్చర్యం లేదు. తక్కువ పగారుకు ఇంకొక జత చేతులు దొరకడం ఆయనకు లాభమే. కాని ఈ మాట మన నోటి నుండే వస్తున్నది. యూనియన్ సభ్యులైన తండ్రులే అంటున్నారు. అందుకే ఈసారి వేలు మనవైపు కూడా చూపక తప్పదు.

ఆ పిల్లవాడికి పట్టింది బద్ధకం కాకపోవచ్చు. అది డిప్రెషన్, అనగా కుంగుబాటు అనే జబ్బు కావచ్చు. కుంగిన పిల్లలు ఎప్పుడూ ఏడుస్తూ కూర్చోరు. చాలామందిలో అది చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. కారణం దొరకని కడుపునొప్పి, తలనొప్పి. నిద్ర పట్టకపోవడం లేదా పొద్దంతా పడుకోవడం. ఆటలు, స్నేహితులు వదిలేయడం. "నేను దేనికీ పనికిరాను" అనడం. ఇవి రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి. చచ్చిపోతానని అన్నా, ఒంటికి గాయాలు చేసుకున్నా, రెండు వారాలు చూడనక్కరలేదు. ఆ రోజే తీసుకుపోవాలి, ఒంటరిగా వదలరాదు. "చావాలనిపిస్తున్నదా బిడ్డా?" అని నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం తప్పు. అడిగేవారు లేకనే పిల్లలు లోలోపల కుమిలిపోతారు.

"ఇది ఉన్నవాళ్ల జబ్బు, మనకెక్కడిది?" అని కొందరంటారు. ఇది పచ్చి అబద్ధం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుండి 17 ఏళ్ల పిల్లల్లో సుమారు 7 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. ఈ జబ్బు కొంత వంశంలో రావచ్చు. అయితే తండ్రికి పన్నెండు గంటల షిఫ్టు, తల్లి ఒళ్లో పొద్దస్తమానం బీడీల చాట, తీరని బాకీ, ఇంట్లో తాగుడు, తన్నులాట ఉన్నచోట పిల్లవాడి మనసు మీద పడే బరువు ఎక్కువా, తక్కువా? మీరే చెప్పండి!

మార్కండేయ స్వామికి మొక్కుకోండి, ఎవరూ వద్దనరు. కాని మొక్కుతోపాటు దవాఖానాకు కూడా పోవాలి. దీనికి వైద్యం ఉన్నది. ముందు కౌన్సెలింగ్, అనగా మాట్లాడి చేసే చికిత్స. జబ్బు ముదిరితే మాత్రలు. మాత్రల గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరు చెప్పకుండా మధ్యలో ఆపరాదు. మొదటి వారాల్లో పిల్లవాడిని కనిపెట్టి ఉండాలి.

ఎక్కడికి పోవాలి? ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానాలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఫోను నంబరు 14416. రాత్రింబగళ్లు ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న పిల్లలకు 1098 ఉన్నది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రభుత్వ ఖర్చుతో వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అని చెప్పింది. ఇది ఎవరో వేసే భిక్ష కాదు.

ఇక యాజమాన్యాల సంగతి. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్న కార్మికుని భార్యాపిల్లలకు కూడా వైద్యం ఉన్నది. కాని పదిమంది పనిచేసే కార్ఖానాను కాగితాల మీద రెండు మూడు ముక్కలు చేసి, కార్డు ఎగ్గొట్టే సేఠ్‌లు ఎందరు? పిల్లవాడిని దవాఖానాకు తీసుకుపోతే ఆ రోజు పగారు పోతుంది. మళ్లీ రమ్మన్న తారీఖుకు పోదామంటే సుట్టి దొరకదు. వైద్యం సగంలో ఆగిపోతుంది. ఆ పాపం పిల్లవాడిదా, తల్లిదండ్రులదా?

అందుచేత మన డిమాండ్లు ఇవి:

1. ప్రతి సాంచా కార్మికునికి ఇ.ఎస్.ఐ. కార్డు ఇవ్వాలి. కాగితాల మీద కార్ఖానాలను ముక్కలు చేసే మోసం ఆగాలి.

2. పిల్లల వైద్యానికి పగారుతో కూడిన సుట్టి ఇవ్వాలి.

3. మన పేటల బడులలో, తెలుగు తెలిసిన కౌన్సెలర్లను నియమించాలి.

4. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టడం 2016 చట్ట సవరణ ప్రకారం నేరం. ఏ కార్ఖానాలో కనబడినా యూనియన్‌కు తెలపాలి.

ఐదవది సేఠ్‌ను కాదు, మనల్ని మనం అడగవలసినది. షిఫ్టు దిగి ఇంటికి పోయిన తర్వాత, తాగకుండా, తిట్టకుండా, పిల్లవాడి పక్కన పది నిమిషాలు కూర్చోవాలి. "పిచ్చి" అనే మాట ఇంట్లో, పేటలో, యూనియన్ ఆఫీసులో ఎవరన్నా అక్కడే ఆపాలి. చెయ్యి మిషన్‌లో పడితే మనమంతా పరుగెత్తుతాము. పిల్లవాడి మనసు నలిగినప్పుడు కూడా అట్లాగే పరుగెత్తుదాము!

కార్మికుల పిల్లల ఆరోగ్యం కార్మికుల హక్కు!
కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!