చెట్టుదా తప్పు, రేకుదా?



మొన్న రాత్రి గాలికి మన వంటషెడ్డు రేకు ఒకటి లేచి కుళాయిల దగ్గర పడింది. అదే గాలికి నేరేడు చెట్టు కొమ్మ కూడా విరిగింది. రాత్రి కాబట్టి సరిపోయింది. అన్నాల వేళ అయితే అక్కడ చిన్నపిల్లలు పళ్లేలు కడుగుతూ ఉంటారు. మర్నాటి నుంచి అందరూ చెట్టు కొట్టేయాలి అంటున్నారు. రేకు సంగతి ఎవరూ అనడం లేదు. నా అభిప్రాయం వేరు. కోప్పడకుండా చదవండి.

గాలులన్నీ ఒకటి కాదు. 1805లో బోఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి గాలి బలాన్ని 0 నుంచి 12 వరకు లెక్క కట్టాడు. తర్వాత ఆ లెక్కని నేల మీద కూడా వాడారు. గంటకు 40 కిలోమీటర్లు దాటితే పెద్ద కొమ్మలు ఊగుతాయి. 62 దాటితే చిన్న కొమ్మలు విరుగుతాయి, ఎదురు నడవడం కష్టం. 75 దాటితే పెంకులు లేస్తాయి. 89 దాటితే చెట్లు వేళ్లతో సహా పడతాయి. వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలు అవుతుంది.

మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. మా అమ్మకి ఈ లెక్క తెలీదు. కానీ కొమ్మ ఊగడం చూసి మేకల్ని ఇంటికి తోలేస్తుంది. ఇద్దరిదీ ఒకటే చదువు అనిపించింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. అప్పుడు నేను చంటిపిల్లని. అరకు వైపు కాఫీ తోటల్లో నీడకి వేసిన సిల్వరోక్ చెట్లు ఎన్నో కూలాయి. "సిల్వరోకులు పడిపోనాయి గానీ మన పాత పనస కొమ్మలిరిగి నిలబడిపోనాది" అని మా అమ్మమ్మ ఇప్పటికీ చెప్తుంది.

మొన్నటిది అలాంటి గాలి కాదు. ఊళ్లో ఒక్క చెట్టూ కూలలేదు, ఒక్క పెంకూ లేవలేదు. ఆ మాత్రం గాలికే రేకు లేచిందంటే మేకులు వదులైనట్టే. విరిగిన కొమ్మని నేను చూశాను, అది ఎండుకొమ్మ. లోపల చెదలు ఉంది.

గాలి రేకుని పైనుంచి నొక్కుతుంది అనుకునేదాన్ని. కాదట. కప్పు మీంచి జోరుగా పోయే గాలి పైకి లాగుతుంది, గుమ్మంలోంచి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. అంచున ఒక మేకు ఊడితే మిగతావి వరసగా ఊడతాయి.

అందుకని నేను అడిగేది ఇది. చెట్టు కొట్టొద్దు. ఎండుకొమ్మలు నరికించండి. మొదలు దగ్గర కందకాలు తవ్వించొద్దు, వేళ్లు తెగితే చెట్టు నిజంగానే పడుతుంది. వానలకి ముందు రేకులకి మేకులు తీసి బోల్టులు వేయించండి. మనం కూడా గాలొస్తే చెట్టు కిందికి, షెడ్డులోకి పరిగెత్తొద్దు. పక్కా గదిలోకి పోయి తలుపులు, కిటికీలు వేసుకుందాం.

చెట్టుకి నోరు లేదు కాబట్టి తప్పు దాని మీద వేయడం తేలిక. నేను రాసింది తప్పయితే పెద్దలు సరిదిద్దాలి. తప్పు కాకపోతే ముందు నిచ్చెన తెప్పించాలి, గొడ్డలి కాదు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని