చదవని పుస్తకాల బాకీ

ధనం కూడబెట్టి అనుభవించని వానిని లోకం లోభి అంటుంది. పుస్తకాలు కూడబెట్టి చదవని వానిని మాత్రం విద్యాప్రియుడని గౌరవిస్తుంది. ఈ రెండవ తీర్పు ఎంతవరకు న్యాయమో విద్యార్థులు, కళాశాల కార్యవర్గంవారు ఆలోచించవలసి ఉన్నది. ప్రతి సంవత్సరం గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వస్తున్నవి. వాటికి సంఖ్యలు వేసి బీరువాలలో సర్దుతున్నారు. ఎన్ని కొన్నామన్నది లెక్కకు వస్తున్నది. ఎన్ని చదివామన్నది ఏ లెక్కలోను కనబడదు.

కొత్త పుస్తకాలు వద్దని మేము అనబోము. ఉన్నవాటిలో ఒక భూభాగానికి సంబంధించిన పుస్తకాలను ఏరి, ఒక విద్యా సంవత్సరం పాటు వాటినే వరుసగా చదివి ముగించడం మేలని మా అభిప్రాయం. అక్కడొకటి, ఇక్కడొకటిగా చదివిన పది పుస్తకాలు పది విషయాలను చెప్పి ఊరుకుంటవి. ఒకే ప్రాంతాన్ని గురించిన పది పుస్తకాలు ఒకదానితో ఒకటి వాదిస్తవి. ఆ వాదాన్ని విన్నప్పుడే పాఠకునికి స్వంత వివేచన ఏర్పడుతుంది.

ఇందుకు మేము కొందరం మధ్య ఆసియాను ఎన్నుకున్నాము. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనప్పుడు ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్, కిర్గిజిస్తాన్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ అను ఐదు స్వతంత్ర రాజ్యాలు అక్కడ ఏర్పడినవి. ఆ సీమ మనకు పరాయిది కాదు. హైదరాబాదును ఏలిన ఆసఫ్‌జాహీల పూర్వికుడు ఖ్వాజా ఆబిద్ సమర్‌ఖండ్ ప్రాంతం నుండి వచ్చినవాడు. 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి మరణించి, ఈ మట్టిలోనే కలిసిపోయినాడు. 1966 జనవరిలో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి కన్నుమూసినది తాష్కెంటులో. అయినను ఆ నగరం పేరు మనలో చాలామందికి పరీక్షలో ఒక చిన్న ప్రశ్నకు జవాబుగా మాత్రమే తెలుసు.

చదువుటకు ఒక క్రమం కావలెను. ఆ నేల బిడ్డల గ్రంథాలను మొదట చదవడం ఉచితం. ఖ్వారిజం సీమలో 973లో జన్మించిన అల్‌బిరూనీ సంస్కృతం అభ్యసించి, 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి అరబ్బీలో గ్రంథం రచించినాడు. ఫర్గానాలోని అందిజాన్‌లో 1483లో పుట్టిన బాబరు తన స్వీయచరిత్రను తుర్కీ భాషలో వ్రాసుకొన్నాడు. 1589లో అబ్దుర్రహీం ఖాన్‌ఖానాన్ దానిని పారశీకంలోనికి అనువదించినాడు. ఒకరు మన శాస్త్రాలను శ్రద్ధగా పరిశీలించినారు. మరొకరు ఇక్కడ మంచి ఖర్బూజాలు, ద్రాక్షలు లేవని విచారించినారు. ఒకే దిక్కు నుండి వచ్చిన ఇరువురి కళ్ళకు మనం ఇంత భిన్నంగా కనబడినామని తెలియడం కూడా విద్యయే.

ఆ తరువాత పరదేశీయుల యాత్రా రచనలు చదవవలెను. 1404లో స్పెయిన్ రాయబారి క్లవీహో చూచినది తైమూరు వైభవం. 1863లో దర్వేషు వేషంలో బుఖారా చేరిన హంగరీ పండితుడు వాంబెరీ చూచినది క్షీణదశ. వాంబెరీని ఒక్కనినే చదివినవారు ఆ దేశమంతా అంధకారమనుకొందురు. కాని అదే సమర్‌ఖండ్‌లో 1420 దశకంలో ఉలుగ్‌బేగ్ వేధశాల నిర్మించినాడు. అక్కడి పండితులు 1018 నక్షత్రాల స్థానాలను పట్టికగా కూర్చినారు. 1449లో ఆయన హత్యకు గురి అయినాడు. శిథిలమై మరుగున పడిన వేధశాల జాడ 1908లో గాని బయటపడలేదు. ఇంతటి విద్య ఎందుకు అడుగంటినదన్న ప్రశ్న రెండు పుస్తకాలను పక్కపక్కన చదివినవారికే పుడుతుంది.

పుస్తకాలు పాతవి గదా అని కొందరు ఆక్షేపింపవచ్చును. మాస్కో నుండి మనకు చవకగా వచ్చిన పుస్తకాలలో పత్తి సాగును, కాలువలను ఘనవిజయాలుగా కీర్తించినవి ఉన్నవి. 1960లో సుమారు 68,000 చదరపు కిలోమీటర్లతో ప్రపంచంలో నాల్గవ పెద్ద సరస్సుగా ఉండిన అరల్ సముద్రం, అమూ, సిర్ నదుల నీటిని ఆ పొలాలకు మళ్ళించడంతో చాలా భాగం ఎండిపోయినది. 2005లో కట్టిన ఆనకట్ట వల్ల ఉత్తర భాగం మాత్రం కొంత కోలుకొన్నది. ఈ సంగతి తెలిసి ఆ పొగడ్తను చదివిన విద్యార్థి, రేపు తన దేశంలో వినబోయే పొగడ్తలను కూడా పరీక్షించి చూచును. కనుక పాత పుస్తకం పనికిరానిదని తోసివేయరాదు.

అన్నిటికంటె మమ్ము కలతపెట్టినది లిపి కథ. ఉజ్బెక్ భాషకు శతాబ్దాలుగా ఉన్న అరబ్బీ లిపి 1920 దశకం చివర లాటిన్‌కు, 1940లో సిరిలిక్‌కు మారినది. 1993 శాసనంతో మరల లాటిన్ వచ్చినది. తాత వ్రాసిన జాబును మనుమడు చదువలేని స్థితి ఏర్పడినది. తజిక్ భాష పారశీకమే; మన కళాశాలలో పారశీకం నేర్చినవారు వింటే కొంత గ్రహింపగలరు గాని, సిరిలిక్ అక్షరాల ముందు నిస్సహాయులవుతారు. అక్కడ ప్రభుత్వాలు శాసించి లిపులను మార్చినవి. ఇక్కడ ఏ శాసనమూ లేదు. అయినను ఉర్దూ బీరువా వద్దకు తెలుగు విద్యార్థి పోడు. తెలుగు బీరువా వద్దకు ఉర్దూ విద్యార్థి రాడు. రెండు బీరువాల మధ్య దూరం నాలుగు అడుగులు. శాసనం చేసిన నష్టాన్ని మనకు అలవాటే చేసిపెట్టుచున్నది.

కనుక మా మనవి ఇది. ఒక ఉర్దూ విద్యార్థి, ఒక తెలుగు విద్యార్థి జంటగా ఈ పుస్తకాలను చదివి, తాము చదివినది ఒకరికొకరు చెప్పుకోవలెను. కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్‌మాతోవ్ కథ నొకనికి తెలుగులో దొరికితే, బాబరు చరిత్ర మరొకనికి ఉర్దూలో దొరుకును. పరీక్షల భారం ఉన్నదనుట నిజమే. అయితే దినమునకు ఇరువది పుటలు చదివితే మూడువందల పుటల గ్రంథం పదిహేను దినాలలో ముగుస్తుంది. ఎనిమిది మాసాలలో పదహారు గ్రంథాలు పూర్తి కాగలవు.

కార్యవర్గంవారు వారమునకు ఒక గంట ఇందుకు కేటాయించవలెనని, వార్షిక నివేదికలో కొన్న పుస్తకాల సంఖ్య ప్రక్కనే చదివిన పుస్తకాల సంఖ్యను కూడ ప్రకటించవలెనని కోరుచున్నాము. ఏ పుస్తకం లోటుగా ఉన్నదో చదివినవారే చెప్పగలరు. కొనుగోలు ధనంలో కొంత వారి సలహాపై వ్యయం చేయుట న్యాయం. విద్యార్థి సోదర సోదరీమణులారా! బీరువా తాళం అడిగితే ఇచ్చుటకు గ్రంథపాలకులు సిద్ధంగా ఉన్నారు. అడుగవలసినది మనమే.