బాతుపిల్లయు బాలుడును



కోడి క్రింద బాతుగ్రుడ్లు పొదిగించుట మీలో అనేకులు ఎరిగిన సంగతియే. ఆ పిల్లలు కోడి వెంటనే తిరుగును, దాని పిలుపునకు పరుగెత్తును. అయినను గుంట కనబడగానే నీళ్లలోనికి దిగి ఈదును. గట్టున కోడి ఎంత అరచినను వినవు. వాటికి ఈత నేర్పినవారెవరు? ఎవరును లేరు, అది పుట్టుకతో వచ్చినది.

వేల సంవత్సరములుగా మనుష్యుని యింట మెలగుచున్న కుక్కయు గచ్చుమీద పండుకొనుటకు ముందు గిరగిర తిరుగును. గడ్డి త్రొక్కి పడక చేసికొనిన అడవి పూర్వుల అలవాటు ఇదియని డార్విను 1872లో వ్రాసెను.

ఇంతవరకు మంచిదే. అయితే "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అను సామెతను పట్టుకొని, పొరుగు పిల్లవాడు తప్పు చేయగానే "ఎంతైనా జాతి బుద్ధి గదా!" అని అరుగుమీద కూర్చుండి తీర్పు చెప్పుచున్నామే, ఇది ఏ న్యాయము?

బాతుపిల్లకు ఈత ఎవరును నేర్పలేదు. బిడ్డకు మాట నేర్పవలెను. ఏ యింట పెంచిన ఆ యింటి భాషయే వాని నోట వచ్చును. మాటయే పెంపకమువలన వచ్చుచుండగా, అబద్ధమును దొంగతనమును రక్తమువలన వచ్చునందురా? వానికి బూతుమాట నేర్పినవారున్నారు. అక్షరము నేర్పనివారును ఉన్నారు. వారిలో మనము లేమా?

ఈదినందుకు బాతుపిల్లను ఎవరును నిందింపరు. ఆపాటి న్యాయమైనను బిడ్డకు దక్కవద్దా? ఇకమీదట ఆ సామెత నాలుకమీదికి వచ్చినప్పుడు, దానిని కోళ్లగూటివద్దనే విడిచిపెట్టుడి.