పంతొమ్మిది సిగరెట్లు చాలవా?

2026 ఫిబ్రవరిలో కొత్త బ్యాగేజీ నిబంధనలు వచ్చినప్పుడు చర్చంతా బంగారం చుట్టూనే తిరిగింది. ఆడవాళ్లకు 40 గ్రాములా, మగవాళ్లకు 20 గ్రాములేనా, సుంకం లేని సామాను విలువను 50 వేల నుంచి 75 వేలకు పెంచితే ఈ ధరల్లో ఏ మూలకు వస్తుంది? టీవీల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే గోల. పదేళ్ల నాటి నిబంధనలను పక్కనపెట్టి కొత్తవి రాసుకున్న ప్రభుత్వం ఒక అంకెను మాత్రం ఉన్నచోటే ఉంచేసింది. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు పైసా సుంకం కట్టకుండా 100 సిగరెట్లు తెచ్చుకోవచ్చు. సిగరెట్లు వద్దనుకుంటే 25 సిగార్లు, లేదంటే 125 గ్రాముల పొగాకు. వందే ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఈ వెసులుబాటును ఎత్తేయాలి. అంత ధైర్యం లేకపోతే 19కి దించాలి.

19 అనేది నేను గాల్లోంచి పట్టుకొచ్చిన అంకె కాదు. హాంగ్‌కాంగ్ అమలు చేస్తున్న అంకె. మన దగ్గర సిగరెట్ పన్నుల మీద రాసేవాళ్లు, మాట్లాడేవాళ్లు ఒక్కరూ ఎత్తని అంకె. హాంగ్‌కాంగ్ స్వేచ్ఛా ఓడరేవు. బంగారం మీద, ఫోన్ల మీద, కెమెరాల మీద అక్కడ దిగుమతి సుంకమే లేదు. సుంకం ఉన్నవి నాలుగే రకాలు: మద్యం, పొగాకు, ఇంధన నూనెలు, మిథైల్ ఆల్కహాల్. పన్ను లేని బేరాలతోనే బతికిన ఆ నగరం 2010లో ప్రయాణికుల సిగరెట్ల పరిమితిని 60 నుంచి 19కి తగ్గించింది. అదీ పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే.

ఇరవై అనకుండా పంతొమ్మిది అన్నారంటే దానికో లెక్క ఉంది. మామూలు సిగరెట్ పెట్టెలో ఉండేవి 20. పరిమితి 19 అయితే, సీలు విప్పని పెట్టె ఏదైనా పరిమితి దాటినట్టే. జేబులో ఉన్న విప్పిన పెట్టెకు మాత్రమే మినహాయింపు. అధికారి లెక్కపెట్టక్కర్లేదు, ప్రయాణికుడు వాదించక్కర్లేదు. ‘సొంత వాడకం’ అంటే ఏమిటో ఒక్క అంకెతో తేల్చేశారు. సింగపూర్ ఆ మాత్రం కూడా ఇవ్వదు. అక్కడ దిగేవాడు మొదటి సిగరెట్ నుంచే పన్ను కట్టాలి. ఆస్ట్రేలియా 25 సిగరెట్లు, విప్పిన ఒక పెట్టె దగ్గర ఆగింది. న్యూజిలాండ్ 50 దగ్గర ఆగింది. బిస్కెట్ ప్యాకెట్ దగ్గర్నుంచి అన్నిటి మీదా పన్ను వేసే మన దేశం మాత్రం 100 ఇస్తోంది. పన్నుల్లేని ఊరిలో 19, పన్నుల దేశంలో 100!

తగ్గించడం మనకు చేతకాని పనీ కాదు. ఒకప్పుడు మన పరిమితి 200. 2014 జూలై బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ సామాను విలువను 35 వేల నుంచి 45 వేలకు పెంచుతూనే సిగరెట్లను 200 నుంచి 100కు, సిగార్లను 50 నుంచి 25కు, పొగాకును 250 గ్రాముల నుంచి 125కు సగానికి సగం కోసేశారు. విమానాశ్రయాలేమీ మూతపడలేదు. ప్రయాణికులెవరూ ధర్నాలు చేయలేదు. సామాను విలువ 45 వేలు 50 వేలైంది, 50 వేలు 75 వేలైంది. సిగరెట్ల అంకె మాత్రం వంద దగ్గరే కూర్చుంది. ఒకసారి సగం చేసిన చేయి రెండోసారి ఎందుకు లేవలేదు?

ప్రభుత్వం సిగరెట్‌తో మెతకగా ఉందని ఎవరూ అనలేరు, విమానాశ్రయం బయట. 2016 ఏప్రిల్ నుంచి పెట్టెకు రెండువైపులా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్నారు. 2026 ఫిబ్రవరి 1 నుంచి సిగరెట్ల మీద 40 శాతం జీఎస్టీ, దానికితోడు రకాన్ని, పొడవును బట్టి వెయ్యి సిగరెట్లకు 2,050 నుంచి 8,500 రూపాయల దాకా ఎక్సైజ్ సుంకం వేశారు. అంటే మన దుకాణంలో వంద సిగరెట్లు కొనేవాడు ఎక్సైజ్ కిందే 205 నుంచి 850 రూపాయలు కడుతున్నాడు. జీఎస్టీ దాని మీద అదనం. నిజామాబాద్‌లోనో జగిత్యాలలోనో కూలి డబ్బుతో బీడీ కట్ట కొనుక్కునేవాడు కూడా 18 శాతం జీఎస్టీ తప్పించుకోలేడు. అతనికి మొదటి బీడీ మీదే పన్ను. విమానం దిగినవాడికి నూటొకటో సిగరెట్ నుంచి పన్ను. ఆరోగ్యం పేరుతో వేసిన పన్నుకు టికెట్ కొన్నవాడి ఆరోగ్యం పట్టదా?

ఇంకో వింత ఉంది. 2019 చట్టం ప్రకారం ఎలక్ట్రానిక్ సిగరెట్ ఒక్కటి కూడా దేశంలోకి తేవడానికి వీల్లేదు. దానికి సున్నా, సిగరెట్‌కు వంద. రెండింటిలో ఏది ఎక్కువ మందిని చంపిందో ఆరోగ్య శాఖకు తెలియదా?

ఈ వంద ఎవరికి పోతున్నాయో కూడా చూడాలి. డ్యూటీ ఫ్రీ దుకాణాల్లో అమ్మే కార్టన్‌లో పది పెట్టెలు, 200 సిగరెట్లు. మన పరిమితి అందులో సగం. అందుకని భార్యాభర్తలిద్దరూ ప్రయాణిస్తుంటే కార్టన్ లెక్క సరిగ్గా సరిపోతుంది. ఆమె జన్మలో సిగరెట్ ముట్టి ఉండకపోవచ్చు, అయినా ఆమె పేరున వంద! మినహాయింపు పొగతాగేవాడికి కాదు, పాస్‌పోర్టుకు. ఆ కార్టన్ ఇంటికొచ్చాక బావమరిదికి రెండు పెట్టెలు, ఆఫీసులో దోస్తులకు రెండు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఒకటి. మిగిలినవి ఏ పాన్‌డబ్బాకో చేరినా ఆశ్చర్యం లేదు. మన దగ్గర సిగరెట్ అమ్మేది విడిగా, ఒక్కొక్కటిగా కదా. ఆ పెట్టెల మీద కొన్న దేశం హెచ్చరిక ఉంటుందేమో గానీ మన బొమ్మ ఉండదు. నెలలో ఎన్నిసార్లు వెళ్లొచ్చినా, బ్యాంకాక్ వెళ్లి రెండో రోజే తిరిగొచ్చినా, అదే వంద.

దీన్ని వెనకేసుకొచ్చేవాళ్లు చెప్పే మొదటి మాట, ‘దీంతో వచ్చే రాబడి ఎంతని?’ నిజమే, ఖజానాకు కొండంత డబ్బేమీ రాదు. అయితే ఆ మాట నా వైపే పనిచేస్తుంది. అంత చిన్న విషయమైతే తీసేస్తే నష్టపోయేదెవరు?

రెండో మాట గల్ఫ్ కార్మికుడిది. రెండేళ్లకోసారి ఊరికొచ్చేవాడి సంతోషం మీద నీళ్లు చల్లొద్దంటారు. కార్మికుడి మీద అంత ప్రేముంటే మంచిదే. అతని దుప్పట్లు, అత్తరు సీసాలు, టాంగ్ డబ్బాలు, పిల్లల బొమ్మలు తెచ్చుకోవడానికే 75 వేల పరిమితి ఉంది. చాలకపోతే లక్ష చేయండి, ఎవరూ కాదనరు. వచ్చిన ప్రతివాడూ సిగరెట్లు పంచాల్సిందేనన్న ఊరి రివాజును మోయలేక మోసేది అతనే. ‘ఇప్పుడు తేనివ్వట్లేదన్నా’ అని చెప్పుకునే అవకాశం దొరికితే అతనికే ఊరట.

మూడో మాట స్మగ్లింగ్. పరిమితి తగ్గిస్తే దొంగ సరుకు పెరుగుతుందట. ఈ మాట చెప్పేవాళ్లు ఆస్ట్రేలియా వైపు వేలు చూపిస్తారు. అక్కడ దొంగ సిగరెట్ల వ్యాపారం పెరిగిందీ, మెల్‌బోర్న్‌లో ముఠాలు పొగాకు దుకాణాలకు నిప్పు పెడుతున్నదీ వాస్తవమే. అక్కడ చదువుకుంటున్న మన పిల్లల్ని అడిగినా చెబుతారు. అందులో సింహభాగం పాపం బయట దుకాణంలో ఒక్కో పెట్టె మీద వేసిన పన్నుది. విమానం దిగేవాడికి ఇచ్చిన 25 సిగరెట్లది కాదు. మన దగ్గరైనా శంషాబాద్‌లో కస్టమ్స్ పట్టివేతల వార్తలు చూడండి. ప్యారిస్, గుడాంగ్ గరం లాంటి పేర్లతో సూట్‌కేసుల నిండా దొరుకుతాయి. ఓడరేవుల్లో అయితే కంటైనర్లే. ఆ స్మగ్లర్లు వంద సిగరెట్ల పరిమితిని నమ్ముకుని వ్యాపారం చేయట్లేదు. పరిమితి వంద ఉంటే బ్యాగులో ఐదారు పెట్టెలు కనిపించినప్పుడు అధికారి లెక్కపెట్టాలి, మాట్లాడాలి, బేరానికి తావివ్వాలి. 19 ఉంటే సీలు విప్పని పెట్టె ఒక్కటి కనిపించినా మాటల్లేవు. స్మగ్లింగ్ మీద అంత బెంగ ఉన్నవాళ్లు కోరాల్సింది 19ని, వందను కాదు.

సిగరెట్ మీద పన్ను వేసిన ప్రతిసారీ మన పొగాకు రైతును ముందు నిలబెట్టడం ఒక అలవాటైంది. పన్ను పెరిగితే దొంగచాటుగా వచ్చే విదేశీ సిగరెట్‌లో మన ఆకు లేదనీ, అది అమ్ముడైతే మన రైతు మునుగుతాడనీ చెబుతారు. సరే, ఒప్పుకుందాం. దుబాయ్ నుంచి వచ్చిన డ్యూటీ ఫ్రీ పెట్టెలో మాత్రం టంగుటూరు ఆకు ఉందని హామీ ఏమైనా ఉందా? గుంటూరులోని పొగాకు బోర్డు రైతు ఎంత పండించాలో, ఏ బ్యారన్‌లో ఎంత ఆరబెట్టాలో కిలోల్లో రాసిస్తుంది. అనుమతి దాటి పండిస్తే అపరాధ రుసుం. ఆ రుసుం మాఫీ చేయమని కొండపి, జంగారెడ్డిగూడెం రైతులు ఢిల్లీ దాకా అర్జీలు పెట్టుకోవాలి. పండించినవాడికి కిలోకు కిలో లెక్క, తాగేవాడికి వందకు వంద మాఫీ. ఈ న్యాయం మీద రైతు పేరు చెప్పి వ్యాసాలు రాసేవాళ్లు నోరు విప్పరు.

అంతర్జాతీయంగా ఇచ్చిన మాటా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికను మనం 2004లో ఆమోదించాం. ప్రయాణికులకు సుంకం లేని పొగాకు అమ్మకాలను, దిగుమతులను నిషేధించాలనో, పరిమితం చేయాలనో అందులోని ఆరో అధికరణం సూచిస్తోంది. ఆ ఒడంబడిక దేశాల సదస్సుకు 2016లో గ్రేటర్ నోయిడాలో ఆతిథ్యం కూడా ఇచ్చాం. ప్రతినిధులకు పూలదండలు వేశాం, ఉపన్యాసాలు దంచాం. అదే ఏడాది ఏప్రిల్లో అమల్లోకి వచ్చిన బ్యాగేజీ నిబంధనల్లో వంద సిగరెట్లు భద్రంగా ఉన్నాయి. పదేళ్ల తర్వాత రాసిన నిబంధనల్లోనూ ఉన్నాయి.

మార్చడానికి పార్లమెంటులో బిల్లు అక్కర్లేదు. రాష్ట్రాలను ఒప్పించక్కర్లేదు, జీఎస్టీ మండలిని సమావేశపరచక్కర్లేదు. కస్టమ్స్ చట్టం కింద రాసుకున్న నిబంధనల అనుబంధంలో ఒక అంకె మార్చి నోటిఫికేషన్ ఇస్తే చాలు. 2014లో చేసి చూపించిన పనే అది. చేయనిది చేతకాక కాదు. విమానాశ్రయ దుకాణాల ముందు ఎవరి మొహమాటానికో తలొగ్గి.

బీడీ కట్ట మీద పన్ను వదలని ఆర్థిక మంత్రిత్వ శాఖ, విమానం దిగినవాడికి వంద సిగరెట్లు ఎందుకు వదులుతోందో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఆరోగ్య కారణం ఉండదు, ఆదాయ కారణం ఉండదు, రైతు కారణం అసలే ఉండదు. చెప్పడానికి కారణమే లేని రాయితీని కొనసాగించడాన్ని ఉదారత అనరు, బద్ధకం అంటారు. వచ్చే బడ్జెట్‌లో ఆ వందను కొట్టేసి 19 రాయండి. 19 ఎక్కువనిపిస్తే సున్నా రాయండి. వందే ఉంచుతామంటారా, అయితే సిగరెట్ పన్ను పెంచిన ప్రతిసారీ ప్రజారోగ్యం గురించి మాకు పాఠాలు చెప్పడం మానేయండి.