ప్రశ్నార్థకం పాలైన పాఠం: మాక్రో, పరిష్కర్త బాధ్యత

సిద్ధాంత గ్రంథపు అక్షరకూర్పు పరిశోధనలో భాగం కాదనే అభిప్రాయం తెలుగు శాఖల్లో స్థిరపడి ఉంది. అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లో ప్రోగ్రామింగ్ నేర్పే శిక్షణ సంస్థలు కిక్కిరిసి ఉంటాయి. అక్కడినుంచి పంజాగుట్ట దాకా ఏ డి.టి.పి. కేంద్రంలోనైనా ఫైలు అప్పగిస్తే పరిశోధకుని బాధ్యత తీరిందని భావిస్తారు. ఈ భావన నిలవదు. పాఠాన్ని మార్చే ప్రతి చేయీ పరిష్కర్త చేయే.

అను వంటి పాత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చిన తరువాత మిగిలిన తప్పులను దిద్దడానికి వర్డ్‌లో మాక్రోలు రాస్తారు. వర్డ్ పత్రంలో తెలుగు సవ్యంగానే కనిపిస్తుంది. మాక్రో రాసే విజువల్ బేసిక్ ఎడిటర్ మాత్రం విండోస్ పాత కోడ్ పేజీలపై ఆధారపడింది. తెలుగుకు అటువంటి కోడ్ పేజీయే లేదు. అందువల్ల అందులో అతికించిన తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. వైల్డ్‌కార్డులతో వెతికేటప్పుడు ప్రశ్నార్థకానికి ‘ఏదైనా ఒక అక్షరం’ అని అర్థం. కనుక ఒక పదాన్ని దిద్దబోయిన మాక్రో సంబంధం లేని పదాలను కూడా పట్టుకుంటుంది.

దీనికి వాడుకలో ఉన్న ఉపాయం, అక్షరానికి బదులు దాని యూనికోడ్ సంఖ్యను సీహెచ్‌ఆర్‌డబ్ల్యు అనే ఫంక్షన్‌కు ఇవ్వడం. అరసున్నకు 3073, రేఫకు 3120, శకటరేఫకు 3121. యంత్రం చిక్కు ఇంతటితో తీరుతుంది. సాహిత్యం చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ర, ఱల మధ్య తేడా ఇప్పుడు ఒక్క అంకె. ప్రాసలో ఆ రెండింటి మైత్రి చెల్లుతుందా అని లాక్షణికులు వాదించుకొన్న భేదం ఒక్క మీటతో చెరిగిపోవచ్చు.

అచ్చుప్రతిని చదివి దిద్దితే చాలదా అని కొందరు అడగవచ్చు. చాలదు. ప్రశ్నార్థకం కంటికి తప్పుగా కనిపిస్తుంది. ఱ స్థానంలో చేరిన ర ఆధునిక లేఖన పద్ధతిలా కనిపిస్తుంది. అరసున్న లోపం కూడా అంతే. ఈ తప్పులు పాఠాంతరాల వేషంలో తరువాతి పరిశోధకుని చేతికి చేరుతాయి.

19వ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ పండితుల చేత తాళపత్ర ప్రతులను సరిపోల్చించి పాఠాంతరాలను నమోదు చేయించాడు. లేఖకుని స్ఖాలిత్యాన్ని లెక్కించే పరిష్కరణ శాస్త్రం యంత్రం చేసిన మార్పును విస్మరించడానికి హేతువు లేదు. మాక్రోలు వాడిన ప్రతి సిద్ధాంత గ్రంథమూ వాటిని అనుబంధంలో ఇవ్వాలి. ప్రతి సంఖ్యకూ ఎదురుగా దాని అక్షరాన్ని చూపాలి. ఆ ఎడిటర్‌లో వ్యాఖ్యను సైతం తెలుగులో రాయడం కుదరదు కనుక ఈ పట్టికకు గ్రంథమే చోటు. మార్పుకు ముందరి ఫైలును శాఖ భద్రపరచాలి. పాఠాన్ని పరీక్షించే పర్యవేక్షకుడు, పరీక్షకుడు ఈ అనుబంధాన్నీ పరీక్షించాలి. అంతవరకు అటువంటి గ్రంథంలోని పాఠం ఎవరి పాఠమో చెప్పడం సాధ్యం కాదు.