చిరుప్రాణికి చవక గ్రాసం

గ్రాసమనగానే తెలుగువారికి ఎద్దులు, ఆవులు, గేదెలు స్ఫురిస్తాయి. ఒడిలో ఇమిడే ఒక చిరుజీవికి మేత సమకూర్చడం కుటుంబానికి భారం కాగలదని రెండు తరాల కిందటివారు ఊహించి ఉండరు. నేడు హైదరాబాదు వంటి నగరాలలో గినీ పందులను ముచ్చటగా పెంచుకుంటున్న ఇళ్లున్నాయి. పేరులో గినీ ఉన్నా దాని పుట్టుక ఆఫ్రికాలో కాదు. పంది అన్నా అది మూషిక వర్గానికి చెందిన జంతువు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతసీమల ప్రజలు వేల సంవత్సరాల కిందటే దానిని మచ్చిక చేసుకున్నారు.

ఈ జీవికి ఎండుగడ్డి చిరుతిండి కాదు, ప్రధానాహారం. దాని నోటిలోని 20 దంతాలూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిపోచలను నిరంతరం నమిలితేనే అవి అరిగి అదుపులో ఉంటాయి. పేగులలోని సూక్ష్మజీవులు కూడా ఆ పీచుపైనే ఆధారపడి బతుకుతాయి. కనుక పంజరంలో రేయింబవళ్లు గడ్డి ఉండవలసిందే.

ఇందుకోసం ఎక్కువమంది కొనేది తిమోతి గడ్డి. అది చల్లని దేశాల పైరు. 18వ శతాబ్దంలో అమెరికాలో దాని సాగును ప్రచారం చేసిన తిమోతి హాన్సన్ అనే రైతు పేరే దానికి స్థిరపడిందంటారు. సముద్రాలు దాటి, సంచులకెక్కి, మన దుకాణానికి చేరేసరికి దాని వెల మధ్యతరగతి గృహస్థును కలవరపెడుతుంది. చవకైన గడ్డి కోసం వెదికేవారిని ప్రేమలేనివారని నిందించడం మాత్రం అన్యాయం. జంతువు తినేది పీచునే గాని సంచిమీది పేరును కాదు. ఖర్చుకు జడిసి గడ్డి తగ్గించి, గుళికల దాణాతో కడుపు నింపడమే అసలైన నిర్దయ.

అయితే, చవకగా దొరికేదంతా తగిన మేత కాదు. ఇక్కడ మన భాషే మనలను కొంత తికమక పెడుతుంది. ఎండుగడ్డి అనగానే తెలుగు రైతుకు కనిపించేది వరిగడ్డి. ధాన్యం రాల్చుకున్నాక మిగిలిన కాడ అది, సారం తక్కువ. నాలుగు అరల పొట్ట ఉన్న పశువు దానిని అరాయించుకుంటుంది గాని గినీ పందికి అది పడకకు తప్ప పోషణకు చాలదు. దానికి కావలసింది గింజ పట్టకముందే పచ్చిగా కోసి ఆరబెట్టిన గడ్డి. ఒకే మాటలో ఒదిగిన ఈ రెండు వస్తువుల భేదం తెలియక గడ్డివాము దగ్గరికి వెళ్లేవారు లేకపోలేదు. పాడి రైతులు మెచ్చే లూసర్న్ కూడా ఇక్కడ పనికిరాదు. కాయధాన్యాల కుటుంబానికి చెందిన ఆ మొక్కలో సున్నం మెండు. ఎదిగే పిల్లలకు, చూలు జంతువులకు అది మేలే. ఎదిగినవాటిలో మూత్రాశయపు రాళ్లకు దారితీయవచ్చు.

మరి గరిక? అమెరికా దక్షిణ రాష్ట్రాలలో బెర్ముడా గడ్డి అనే పేరుతో దీనినే పెంచి, ఎండబెట్టి, గుర్రాలకు వేస్తారు. గినీ పందికీ అది సరిపడే గడ్డి. వినాయకునికి ప్రీతిపాత్రమైన గరిక మూషిక వర్గపు జీవికీ నచ్చడం ఒక చమత్కారం! పురుగుమందు చల్లని, కుక్కలు తిరగని చోట కోసి, నీడన ఆరబెట్టుకోవాలి. బూజు వాసన తగిలితే నిర్దాక్షిణ్యంగా పారవేయాలి. ఏ గడ్డి అయినా ఎండితే సి విటమిన్ చాలా వరకు నశిస్తుంది. ఆ విటమిన్‌ను గినీ పంది తన శరీరంలో తయారుచేసుకోలేదు. కాబట్టి రోజూ కాసింత క్యాప్సికం, కొత్తిమీర పెట్టక తప్పదు. గడ్డిలో మిగిలిన డబ్బు కొంత ఇందుకు వెచ్చిస్తే సార్థకమే.

గడ్డిని మార్చడం తప్పు కాదు. ఒక్క పూటలో మార్చడం తప్పు. చాలామంది పొరపడేది ఇక్కడే. పాత సంచి అయిపోయిన రోజున కొత్తది విప్పి, ఆకలేస్తే అదే తింటుందిలే అనుకుంటారు. ఆకలికి లొంగడం ఈ జీవి స్వభావం కాదు. కొత్త వాసన నచ్చకపోతే మేత మానివేస్తుంది. మానితే పేగుల కదలిక మందగిస్తుంది, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క రోజు మేత ముట్టకపోయినా పశువైద్యుని దగ్గరికి పరుగెత్తవలసిందే. అందుచేత పాతది ఇంకా చేతిలో ఉండగానే కొత్తదానిని పావు వంతు కలిపి, కొన్ని రోజులకు సగం చేసి, రెండు వారాల వ్యవధిలో పూర్తిగా మార్చాలి. ఆ రెండు వారాలూ వంటింటి త్రాసులో తూకం చూస్తూ, పెంటికలు తగ్గుతున్నాయేమో గమనిస్తూ ఉండాలి.

తొలినాళ్లలో అది పాత పోచలనే ఏరుకొని, కొత్తవాటిని మూలకు నెట్టివేస్తుంది. ఎంత గడ్డి వేశామన్నది కాక, మూలన ఎంత మిగిలిందన్నదే అప్పుడు చూడవలసిన లెక్క. ఆ కుప్ప కరిగేదాకా పాత సంచిని ఖాళీ కానివ్వకూడదు.